సముద్రతీరం కేకు: అలంకరణకు ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ మే ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. వెన్న 35 డిగ్రీలలోపే కరిగిపోతుంది. అందుకే పని ఉదయాన్నే, చల్లని గదిలో మొదలుపెట్టండి.

• బేగంబజార్‌లో రంగులు, మెరుపుల పొడి కొనేటప్పుడు చీటీ చదవండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ సంఖ్య, గడువు తేదీ ఉండాలి. "విషరహితం" అని ఉన్నంత మాత్రాన అది తినే పదార్థం కాదు. ఈ ఒక్క విషయంలో దయచేసి మొహమాటపడకండి, దుకాణదారుని అడగండి.

• నీలం రంగు చుక్కచుక్కగానే కలపండి. క్రీములో అది గంటలోనే ముదురుతుంది.

• ఇసుకకు మారీ బిస్కెట్ల పొడి చాలు. చివర్లోనే చల్లండి, ముందే చల్లితే తడిసి ముద్దవుతుంది.

• సముద్రపు నీటిలా కనిపించే జెల్లీకి అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి) మేలు. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది కనుక శాకాహార అతిథులు తినరు. జెల్లీని గోరువెచ్చగా అయ్యాకే పోయండి.

• నిజమైన గవ్వలు వద్దు. తెల్ల చాక్లెట్‌తో అచ్చు పోసినవి ఎంతో ముద్దుగా ఉంటాయి.

• గొడుగుల పుల్లలు లెక్కపెట్టి గుచ్చండి, కోసేముందు అన్నీ తీయండి. చక్కెర ముత్యాలు పసిపిల్లల ముక్కలో పడనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

• జీడిపప్పు, వేరుశనగ పడని పిల్లలున్నారేమో తల్లిదండ్రులను ముందే అడగండి.