సైటు ఖర్చా, ఆఫీసు ఖర్చా: నా అనుభవం

నేను కాంట్రాక్టర్ని. మణికొండలో ఇల్లు, కొంపల్లిలో గోడౌను, రెండు పనులూ ఒకేసారి నడుస్తున్నాయి. సిమెంటు, ఇసుక, మేస్త్రి కూలీ ఎక్కడ రాయాలో ఎవరికైనా తెలుసు. చిక్కంతా సూపర్‌వైజర్ జీతం, డీజిల్, మిక్సర్ దగ్గరే.

ప్రతి బిల్లుకీ ఒకటే ప్రశ్న పెట్టుకున్నాను: ఈ సైటు లేకపోతే ఈ ఖర్చు వచ్చేదా? రాదంటే సైటు ఖాతాలోకే. అమీర్‌పేట ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం పనులున్నా లేకున్నా కట్టాల్సిందే, అవి ఓవర్‌హెడ్.

సూపర్‌వైజర్ ఏ రోజు ఏ సైట్లో ఉన్నాడో వాట్సాప్‌లో పెడతాడు. జీతం 26,000, పనిదినాలు 26. మణికొండలో 16 రోజులుంటే 16,000 అక్కడికి, మిగతా 10,000 కొంపల్లికి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో సైటుకో కాస్ట్ సెంటర్ (ఆ సైటు ఖర్చులన్నీ విడిగా చూపే పద్దు) తెరిచాక ఈ పంపకం నిమిషాల పని. సొంత మిక్సర్ అరుగుదల కూడా అది తిరిగిన సైటుకే. షెడ్డులో ఖాళీగా పడున్న కాలానిది ఏ సైటుకీ వేయను. నిర్మాణ కాంట్రాక్టుల లెక్కలకున్న నియమావళి, అకౌంటింగ్ స్టాండర్డ్ 7 చెప్పేదీ అదే.

ఓవర్‌హెడ్‌ను వదిలేస్తే మాత్రం కొటేషన్ కుదరదు. ఏడాదికి ఆఫీసు ఖర్చు 12 లక్షలు, సైట్ల ఖర్చు 1.2 కోట్లు అనుకుందాం, అంటే 10 శాతం. 20 లక్షల పనికి 2 లక్షలు కలిపి, ఆ 22 మీదే లాభం వేస్తాను. జీఎస్టీ దాని తర్వాత.

బిల్లులో కోసే టీడీఎస్‌ను సైటు ఖర్చులోనూ, ఓవర్‌హెడ్‌లోనూ రాయకండి. అది ముందే కట్టిన పన్ను, రిటర్నులో లెక్కకొస్తుంది.