ఆసుపత్రి పోర్ట్రెయిట్లు, 5వ పాఠం: తెల్లకోటు పక్కన మొహం

ఈ వారం నర్సింగ్ స్టాఫ్ గ్రూప్ ఫోటో గురించి చెప్పాలి. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మీరు పంపిన ఫోటోలు చూశాక ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు.

పోయిన పాఠంలో స్పాట్ మీటర్ (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే కెమెరా పద్ధతి) పెట్టి మొహం మీద కొలవమన్నాను. దాదాపు అందరూ అలాగే చేశారు. మొహాలు బాగా వచ్చాయి, కోట్లు మాత్రం కాలిపోయాయి, అంటే వెలుగు ఎక్కువై ఒట్టి తెలుపే మిగిలింది. జేబు కుట్టు కనపడదు, గుండీలు కనపడవు, కోటు అంచు ఎక్కడో గోడ ఎక్కడో తెలియదు. టెక్కలి నుంచి వచ్చిన ఒక ఫోటోలో డాక్టరు గారి మెడ కింద అంతా ఒకటే తెలుపు, అందులో స్టెతస్కోప్ ఒక్కటే వేలాడుతోంది. దీన్ని తెల్లటి ఫ్లెక్స్ మీద వేసి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కడితే జనానికి తల మాత్రమే కనిపిస్తుంది. అది చూసి భయపడినవాళ్ళు రెండోసారి కోటు మీద కొలిచారు. ఈసారి కోటు బూడిదరంగుకి దిగింది, మొహం చీకట్లోకి పోయింది. ఆ మొహాన్ని ఫోటోషాప్‌లో తెల్లగా చేసి పంపారు. ఈ పాఠం అందుకే.

ముందు లెక్క చూద్దాం. మీటరు దేన్ని చూసినా 18 శాతం బూడిదరంగు అనే అనుకుంటుంది. ఉతికి ఇస్త్రీ చేసిన కోటు తన మీద పడ్డ వెలుగులో దాదాపు 80 శాతం తిప్పి పంపుతుంది. మన చామనఛాయ మొహం ఆ 18కి దగ్గర్లోనో ఇంకా కిందనో ఉంటుంది. అంటే రెండింటి మీదా ఒకే వెలుగు పడినా తేడా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). ఛాయ ముదురైతే మూడు. అంతవరకూ కెమెరా ఓర్చుకుంటుంది. కానీ మీరు మనిషిని కిటికీకి ఎదురుగా నిలబెట్టారు. పైన సన్‌షేడ్ అడ్డం ఉండటంతో మొహానికి ఆకాశం వెలుగు తగ్గింది. బయట సిమెంటు నేల మీద పడ్డ ఎండ మాత్రం నేరుగా ఛాతీకి తగిలింది. కోటు కాలింది ఆ అదనపు వెలుగు వల్లే.

కాబట్టి మీటరుతో కుస్తీ పట్టకండి, కోటు మీద పడే వెలుగు తగ్గించండి. భుజాలు గది లోపలి గోడ వైపు తిప్పించండి, మొహం మాత్రం కిటికీ వైపు రావాలి. అప్పుడు కోటు మీద వెలుగు ఏటవాలుగా పడుతుంది, మడతలూ కుట్లూ బయటపడతాయి. కిటికీ కింది సగానికి ముదురు రంగు దుప్పటి కట్టండి. చేతికందింది కదా అని ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ గుడ్డ మాత్రం వద్దు, గడ్డం కింద పచ్చటి నీడ పడుతుంది. ఇవన్నీ అయ్యాక మొహం మీద కొలిచి, కాలిన చోట్లని కెమెరా తెర మీద మినుకుమని చూపించే హైలైట్ వార్నింగ్ చూడండి. కోటు ఇంకా మినుకుమంటుంటే మూడో వంతు స్టాపు చొప్పున తగ్గించుకుంటూ రండి. నేనైతే ఎప్పుడూ మాన్యువల్‌లోనే, 50 ఎంఎం లెన్సుతోనే తీస్తాను. పది బై పది కన్సల్టేషన్ గదిలో 85 ఎంఎం లెన్సుకి వెనక్కి జరిగే చోటుండదు.

ట్యూబ్‌లైట్లు ఆర్పించండి. క్యాజువాలిటీలో ఆర్పడం కుదరదు, అక్కడ షట్టర్ 1/100 లేదా 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. 1/500లో తీస్తే అడ్డచారలు రావచ్చు.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా ఫోటో రంగులు సరిచెయ్యడం) సంగతి ఒకటి. రాజాం నుంచి వచ్చిన ఫోటోల్లో సిస్టర్ల మొహాలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. రంగు కలవని చోటు ఇదీ అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే డ్రాపర్‌తో యూనిఫాం మీద నొక్కారని చూడగానే తెలిసింది. ఆ బట్ట నీలిమందులో ముంచింది. కంటికి తెల్లగా కనిపించినా లోపల నీలం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని కొట్టేయడానికి ఫోటో అంతటికీ పసుపు కలుపుతుంది. గ్రే కార్డు కొనండి, ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట అది. అది సిస్టర్ చేతికే ఇచ్చి, గడ్డం కింద పట్టుకోమని ఒక ఫ్రేము తీసుకోండి, డ్రాపర్ ఆ కార్డు మీద నొక్కండి.

ఇక మొహాలు తెల్లగా చెయ్యడం. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక ఫోటోని పెద్దది చేసి చూశాను. సిస్టర్ మొహం గోధుమ రంగుకి వచ్చింది. చెవులు అసలు రంగులోనే ఉన్నాయి. మెడ దగ్గర బ్రష్ ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తోంది. బీపీ మిషన్ పట్టుకున్న చెయ్యి మొహానికి పూర్తిగా వేరే ఛాయ. సరే, చెయ్యికీ చెవికీ కూడా బ్రష్ వేశారనుకుందాం. చీకట్లో తీసిన మొహాన్ని పైకి లాగితే నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, అది పోవడానికి స్మూత్ చేస్తారు, దాంతో కళ్ళ పక్క ముడతలు పోతాయి, బుగ్గ మీద పుట్టుమచ్చ పోతుంది. చివరికి మిగిలేది సిస్టర్ కాదు, ఎవరో వేరే మనిషి.

వాళ్ళే అడుగుతున్నారండీ అంటారు. నిజమే, అడుగుతారు. "బాబూ, కొంచెం కలర్ వచ్చేలా చూడండి" అని కుర్చీలో కూర్చోకముందే అంటారు. ఎందుకంటారో ఆలోచించండి. ఐడీ కార్డు మొదలు ప్రతి ఫోటోలోనూ మీటరు తెల్ల యూనిఫాం చూసి వాళ్ళ మొహాన్ని చీకటి చేసింది. వాళ్ళు అడిగేది తెల్లదనం కాదు, అన్నాళ్ళూ దొరకని వెలుగు. "అలాగే సిస్టర్, ముందు ఇది చూడండి" అని, కిటికీ వైపు మొహం తిప్పించి తీసిన ఫ్రేము కెమెరాలోనే చూపించండి. ఆ తర్వాత కలర్ మాట ఎత్తేవాళ్ళు నాకు చాలా అరుదు. ఎత్తినా నేను చెయ్యను.

చెయ్యకపోవడానికి నా కారణం వేరే ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడు సార్లు వచ్చి, సూది గుచ్చే టెక్నీషియన్ మొహం చూస్తూ నాలుగేసి గంటలు పడుకుంటాడు. ఆ టెక్నీషియన్ ఫోటో వార్డు గుమ్మం దగ్గర పెడితే, చదువు రాని ముసలమ్మ కూడా "ఈ బాబే" అని చూపించగలగాలి. ఆసుపత్రిలో పోర్ట్రెయిట్ తీసేది అందుకు. ఛాయ మార్చిన ఫోటో ఆ పనికి రాదు. శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రి అయినా, నెల్లిమర్ల మిమ్స్ అయినా, నాలుగు పడకల నర్సింగ్ హోమ్ అయినా ఇంతే.

సాధన. ఈసారి కష్టంగానే ఉంటుంది. మూడు వేర్వేరు ఛాయల మనుషులకి తెల్ల చొక్కాలు వేయించి, ఒకే కిటికీ దగ్గర, ఒకే ఫ్రేములో తీయండి. ఒకటే ఎక్స్‌పోజర్. ముగ్గురి గుండీలూ లెక్కపెట్టగలగాలి. గ్రే కార్డు వైట్ బ్యాలెన్స్ తప్ప ఏమీ ముట్టుకోకుండా ప్రింటు వేయించండి. ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపమని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే వాళ్ళే తెల్లగా చేసి ఇస్తారు. ఆ ప్రింటుని ఒక్కొక్కరి చెంప పక్కన, అదే కిటికీ వెలుగులో పెట్టి ఇంకో ఫోటో తీసి పంపండి. చెంపకీ ప్రింటుకీ తేడా ఉంటే నాకు పంపకుండా మళ్ళీ తీయండి. ముగ్గురికీ కుదిరినవాళ్ళే వచ్చే వారం గ్రూప్ ఫోటో పాఠం మొదలుపెట్టాలి. అందులో ఒకే బెంచీ మీద పదిహేను తెల్ల యూనిఫాంలుంటాయి.