కాంటా బరువు వస్తలేదా? కేబుల్ చిప్‌ను బట్టి ట్రబుల్‌షూటింగ్ గైడ్ రాయడం

ఎనుమాముల యార్డు దగ్గరి అడ్తి దుకాణమైనా, జమ్మికుంట జిన్నింగ్ మిల్లయినా, కాంటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి దిగే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఫోన్ చేసేవాళ్లు చెప్పేది ఒకటే మాట: "బరువు వస్తలేదు." దానికి గైడ్‌లో "కేబుల్ తీసి మళ్లీ పెట్టండి" అని ఒకే జవాబు రాస్తే సగం మందికి పనికిరాదు. కాంటాను కంప్యూటర్‌కు కలిపే, పైకి ఒకేలా కనిపించే యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ల లోపల వేర్వేరు చిప్‌లు ఉంటాయి. కాబట్టి కంప్యూటర్ ఏ కంపెనీదని అడగకుండా, గైడ్‌ను చిప్‌తో మొదలుపెట్టండి.

చిప్ కనుక్కునే దారి మొదటి పేజీలోనే ఉండాలి. విండోస్ కీతో ఆర్ నొక్కి devmgmt.msc అని టైప్ చేయించండి, డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 7, 10, 11 మూడింటిలోనూ మెనూలు మారాయి గానీ ఈ దారి మారలేదు. కేబుల్ పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ వీఐడీ (చిప్ తయారీదారు నంబర్) పక్కన 1ఏ86 ఉంటే సీహెచ్340 రకం, 067బీ ఉంటే ప్రొలిఫిక్, 0403 ఉంటే ఎఫ్‌టీడీఐ.

ఇక్కడి నుంచి మూడు దారులు. సీహెచ్340కు డ్రైవర్ (చిప్‌ను విండోస్ గుర్తుపట్టేందుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్) లేకపోతే డివైస్ మేనేజర్ కోడ్ 28 అనే ఎర్రర్ చూపుతుంది. నెట్ ఉంటే విండోస్ అప్‌డేటే తెచ్చుకోవచ్చు, యార్డులో నెట్ లేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ప్రొలిఫిక్ పాత చిప్‌తో కొత్త డ్రైవర్ కలిస్తే పసుపు త్రికోణం, కోడ్ 10 వస్తాయి. కేబుల్ పాడైందని చాలామంది పారేస్తారు, కానీ డ్రైవరే పాత చిప్‌ను ఒప్పుకోవడం లేదు. అప్‌డేట్ డ్రైవర్‌లోని "లెట్ మీ పిక్" జాబితాలోంచి పాత డ్రైవర్ ఎంచుకుంటే సాధారణంగా పనిచేస్తుంది. అయితే విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది తెచ్చి పెట్టొచ్చు, ఆ సంగతి కూడా అక్కడే రాయండి. ఎఫ్‌టీడీఐతో తిప్పలు తక్కువ. సీరియల్ నంబర్ ఉన్న కేబుల్ అయితే ఏ యూఎస్‌బీ పోర్టులో పెట్టినా అదే కామ్ నంబర్ (విండోస్ ఆ కేబుల్‌కు ఇచ్చే COM పోర్టు నంబర్) నిలబడుతుంది. సీహెచ్340 అలా కాదు, వేరే పోర్టులో పెడితే నంబర్ మారిపోతుంది. అందుకే "నిన్న వచ్చింది, ఇవాళ వస్తలేదు" అన్నప్పుడు ముందు చూడాల్సింది పోర్టునే.

డ్రైవర్ బాగుండి కూడా బరువు రాకపోతే తెరమీద కనిపించేదే దారి చెప్పాలి. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు (డేటా పంపే వేగం) కలవలేదు. ఇండికేటర్‌లో (కాంటా బరువు చూపే డబ్బాలో) 2400 ఉండి సాఫ్ట్‌వేర్‌లో 9600 ఉంటే అలాగే వస్తుంది. "యాక్సెస్ డినైడ్" వస్తే పోర్టును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. ఏమీ రాకపోతే కామ్ నంబర్ తప్పు, లేదా వైర్లలో 2, 3 పిన్నులు తారుమారు.

కేబుల్‌ది తప్పా కాంటాది తప్పా తేల్చే పరీక్ష ఒకటి తప్పనిసరిగా రాయండి. కాంటా కేబుల్ తీసేసి, అడాప్టర్ 9 పిన్నుల చివర 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలపాలి. పుటీ (PuTTY) అనే ఉచిత ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని, లోకల్ ఎకో "ఫోర్స్ ఆఫ్", ఫ్లో కంట్రోల్ "నన్" పెట్టి ఏదైనా టైప్ చేయాలి. అక్షరాలు తిరిగొస్తే కేబుల్, డ్రైవర్ రెండూ బాగున్నాయి; కామ్ నంబర్, బాడ్ రేటు కూడా సరిగ్గా ఉంటే తప్పు కాంటా వైపే. దడ్వాయికీ (కాంటా వేసే మనిషికీ) కంప్యూటర్ గుమస్తాకూ మధ్య వాదన అక్కడితో తెగుతుంది.

రాసే తీరులో మూడు మాటలు. తెరమీద ఉన్న ఇంగ్లిష్ పేర్లను తెలుగు చేయకండి. "పరికర నిర్వాహకం" అంటే గుమస్తా వెతికీ వెతికీ దొరకక ఫోన్ చేస్తాడు. ప్రతి అడుగు పక్కన "ఇప్పుడు ఇది కనిపించాలి" అనీ, కనిపించకపోతే ఎక్కడికి వెళ్లాలో కూడా రాయండి. సెట్టింగ్ మార్చమంటే ముందు పాత విలువను ఫోన్‌తో ఫోటో తీయమనండి, లేకపోతే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

చివర్లో ఒక పట్టిక పెట్టి చిప్, విన్‌వర్ (winver) కమాండ్‌లో కనిపించే విండోస్ వెర్షన్, ఇండికేటర్ మోడల్, బాడ్ రేటు, పరీక్షించిన తేదీ నింపండి. మీ దగ్గర లేని కలయికల గడిలో "పరీక్షించలేదు" అనే రాయండి; పత్తి సీజన్‌లో లారీ కాంటా మీద నిలబడి ఉండగా తప్పు సలహా దొరకడం కన్నా అది నయం.