1967–69 కెమారో ముందు సస్పెన్షన్, స్టీరింగ్: రీబిల్డ్ తర్వాత వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

మొదటి తరం షెవర్లే కెమారో, దాని జోడీ పాంటియాక్ ఫైర్‌బర్డ్: రెండింటి ముందు సస్పెన్షన్, స్టీరింగ్ అమరికా ఒకటే. బాడీకి బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేమ్, పైన ఒక కంట్రోల్ ఆర్మ్, కింద ఒకటి, వాటి మధ్య చక్రం బిగిసే స్పిండిల్. కాయిల్ స్ప్రింగ్ కింది ఆర్మ్ గిన్నెలో కూర్చుంటుంది, షాక్ అబ్జార్బర్ దాని లోపలే ఉంటుంది. స్టీరింగ్ మాత్రం మారుతి 800 నుంచి మనకు అలవాటైన ర్యాక్ కాదు. జీఎం సాగినా రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్ (లోపల బంతుల మీద నడిచే గేరు పెట్టె), దాని కింద పిట్‌మన్ ఆర్మ్, అవతలి పక్క ఐడ్లర్ ఆర్మ్, రెండింటినీ కలిపే సెంటర్ లింక్, అక్కడి నుంచి చక్రాలకు టై రాడ్లు. ఇన్ని కీళ్లున్నాయి కాబట్టి ప్లే (వదులు కదలిక) ఎక్కడి నుంచి వస్తోందో ఊహతో తేలదు.

రీబిల్డ్‌లో కొత్త పార్టుల పూర్తి కిట్ వేశాక కూడా బండి సరిగ్గా నడవకపోతే వెంటనే మళ్లీ పార్టులు ఆర్డర్ పెట్టకండి. ఎక్కువ కేసుల్లో పార్టు బాగానే ఉంటుంది, దాన్ని ఏ స్థితిలో బిగించారన్నదే తేడా. టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసుకుని కింది లక్షణాల్లో మీ బండిది వెతకండి.

లక్షణం: ముందు భాగం ఎత్తుగా నిలబడింది, బండి బిర్రుగా ఉంది

మొదటి అనుమానం బుష్‌ల మీద, అంటే ఆర్మ్ పివట్ల దగ్గరుండే గొట్టాల మీద. రబ్బరు బుష్ జారదు, మెలితిరుగుతుంది. దాని బయటి గొట్టం ఆర్మ్‌లో ప్రెస్ అయి ఉంటుంది, లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుంటుంది. ఆర్మ్ కదిలిన ప్రతిసారీ మధ్యలో ఉన్న రబ్బరే మెలిపడుతుంది. బండి స్టాండ్ల మీద ఉండి, ఆర్మ్‌లు కిందికి వేలాడుతుండగా నట్లు పూర్తిగా బిగించేస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అయిపోతుంది. బండి నేల మీదికి దించగానే నాలుగు ఆర్మ్‌ల రబ్బరూ ఒక్కసారిగా మెలిపడి స్ప్రింగ్‌కి తోడుగా బండిని పైకి నెడుతుంది. కొన్నాళ్లకు రబ్బరు చిరిగిపోతుంది, బుష్‌లు నాసిరకమని తిట్టుకుంటాం.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. బండి బరువు చక్రాల మీద ఉండేలా ర్యాంపుల మీదికి ఎక్కించండి. రెండు పక్కలా కింది ఆర్మ్ పివట్ బోల్టులు రెండేసి, పై ఆర్మ్ షాఫ్ట్ చివర్ల నట్లు రెండేసి వదులు చేయండి. బంపర్ పట్టుకుని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదిలితే ఆర్మ్‌లు తమ సహజ స్థితికి వస్తాయి. అప్పుడు షాప్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. పాలీయురెథేన్ బుష్‌లైతే ఈ గొడవ లేదు, అవి జారతాయి. కానీ వాటికి కిట్‌తో ఇచ్చే చిక్కటి సిలికాన్ గ్రీజు పట్టించకపోతే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కిర్రుమంటాయి.

బుష్‌లు సర్దాక కూడా ఎత్తు తగ్గకపోతే స్ప్రింగ్ చూడండి. బరువైన బిగ్ బ్లాక్ ఇంజిన్‌కి చేసిన స్ప్రింగ్ తేలికైన స్మాల్ బ్లాక్ బండికి వేస్తే ముక్కు పైకెత్తినట్టే ఉంటుంది. ఏసీ ఉన్న బండికి, లేని బండికి కూడా స్ప్రింగ్ వేరు. స్ప్రింగ్ సరైనదే అయితే అది కూర్చున్న తీరు చూడాలి. చదునైన చివర పైకి, ఇన్సులేటర్‌తో కలిపి ఉండాలి. మెలి తిరిగిన చివర కిందికి. కింది ఆర్మ్ గిన్నెలో రెండు రంధ్రాలుంటాయి: తీగ కొస వాటిలో ఒకదాన్ని పూర్తిగానో కొంతో మూయాలి, రెండోది పూర్తిగానో కొంతో తెరిచి ఉండాలి. టార్చ్ వేసి కింది నుంచి చూస్తే తెలిసిపోతుంది. కొస గాడిలో కాకుండా అంచు మీదికి ఎక్కితే ఒక పక్క ఎత్తు పెరగడమే కాదు, స్టీరింగ్ తిప్పినప్పుడు టంగుమని శబ్దం కూడా వస్తుంది.

స్ప్రింగ్ మళ్లీ తీయాల్సి వస్తే తొందరపడొద్దు, ప్రాణం తీయగలిగే పని ఇది. సబ్‌ఫ్రేమ్ కింద స్టాండ్లు, కింది ఆర్మ్ కింద జాకీ, స్ప్రింగ్‌ని ఆర్మ్‌తో కలిపి గొలుసు. షాక్ తీసేయండి. కింది బాల్ జాయింట్ (ఆర్మ్‌ని స్పిండిల్‌తో కలిపే బంతి కీలు) నట్టు పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు వదులు చేసి, స్పిండిల్ చెవి మీద పక్క నుంచి సుత్తితో కొట్టి టేపర్ (సన్నబడుతూ రంధ్రంలో బిగుసుకునే స్టడ్) విడగొట్టండి. ఫోర్క్ లాంటి పనిముట్టు దూరిస్తే కొత్త బూటు చిరుగుతుంది. టేపర్ విడిందని నిర్ధారణ అయ్యాకే జాకీ ఆర్మ్‌ని మోస్తుండగా నట్టు తీసి, జాకీని నెమ్మదిగా దించాలి. స్ప్రింగ్ ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

స్ప్రింగ్ కోసి ఎత్తు తగ్గించాలంటే మెలి ఉన్న కింది చివర నుంచి ఒక్కోసారి అర చుట్టు కంటే ఎక్కువ కోయకండి. గ్యాస్ మంటతో కోస్తే ఉక్కు పదును పోతుంది, కటాఫ్ డిస్క్ వాడండి.

లక్షణం: నేరుగా పోతున్నప్పుడు బండి అటూ ఇటూ తిరుగుతోంది, స్టీరింగ్ మధ్యలో ప్లే

ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని ఇటూ అటూ కొద్దిగా ఊపాలి, ఇంకొకరు కింద పడుకుని చూడాలి. కదలిక ఏ కీలు దగ్గర ఆగిపోతోందో వెతకండి. పైనుంచి కిందికి వరుస ఇది:

రాగ్ జాయింట్ – కాలమ్ షాఫ్ట్‌ని బాక్స్‌తో కలిపే రబ్బరు గుడ్డ బిళ్ల. పైన కాలమ్ కదిలినా కింద బాక్స్ షాఫ్ట్ కదలడం ఆలస్యమైతే దోషం ఇక్కడే. కొత్తది వేసేటప్పుడు దాని రెండు స్టాప్ పిన్నులు వేర్వేరు లావుల్లో ఉంటాయని గుర్తుంచుకోండి. తిప్పి పెడితే పట్టేస్తుంది.

బాక్స్ – షాఫ్ట్ తిరిగినా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే.

ఐడ్లర్ ఆర్మ్ – పైకీ కిందికీ 25 పౌండ్ల బలంతో ఊపితే దాని కొస ఒక్కో దిక్కుకు అంగుళంలో ఎనిమిదో వంతు మించి కదలకూడదు. చౌక రకం కొత్త ఐడ్లర్లు కొన్ని పెట్టెలోంచి తీయగానే ఈ పరీక్షలో ఫెయిల్ అవుతాయి, కాబట్టి బిగించే ముందే చూసుకోవడం మేలు.

టై రాడ్ ఎండ్లు, సెంటర్ లింక్ స్టడ్‌లు – చేత్తో పట్టుకుంటే ప్లే వేలికి తగులుతుంది.

అన్నీ గట్టిగా ఉన్నా బండి తిరుగుతోందంటే బాక్స్ సెంటర్ మీద అనుమానపడండి. ఎక్కువ మంది పట్టించుకోనిది ఇదే. ఈ బాక్స్‌లో పళ్లు నట్టనడుమ బిగుతుగా, రెండు పక్కలకూ పోయే కొద్దీ కొంచెం వదులుగా ఉండేలా తయారు చేశారు. బండి నేరుగా పోతున్నప్పుడు బాక్స్ సరిగ్గా ఆ బిగుతు చోటు మీద ఉండాలి. అలైన్‌మెంట్ అయ్యాక స్టీరింగ్ వీల్ వంకరగా కనిపిస్తే కొందరు వీల్ పీకి, నేరుగా పెట్టి, మళ్లీ నట్టు బిగించేస్తారు. కంటికి బాగానే ఉంటుంది, బాక్స్ మాత్రం వదులు చోటులో పనిచేస్తుంటుంది. ఆ ప్లే పోగొట్టాలని అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తే అసలు సెంటర్ దగ్గర పట్టేసి, లోపలి పళ్లు అరిగిపోతాయి.

సరిచేసే పద్ధతి: సెంటర్ లింక్‌ని పిట్‌మన్ ఆర్మ్ నుంచి విడదీయండి. వీల్‌ని ఒక చివరికి మెల్లగా తిప్పండి. లింక్ లేనప్పుడు చివర గట్టిగా ఢీకొట్టిస్తే లోపలి బాల్ గైడ్లు పాడవుతాయి. అక్కడి నుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగం వెనక్కి రండి. అదే బాక్స్ సెంటర్. అప్పుడు వీల్‌ని షాఫ్ట్ మీది గుర్తుకు అనుగుణంగా నేరుగా పెట్టి, లింక్ కలిపి, చక్రాలను టై రాడ్ స్లీవ్‌లతో నేరుగా తెచ్చుకోండి. ఒక పక్క టై రాడ్ ఎంత పొడవు పెంచితే రెండో పక్కది అంతే తగ్గిస్తే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) మారదు, వీల్ మాత్రం నేరుగా వస్తుంది.

ఆ తర్వాత కూడా మధ్యలో ప్లే మిగిలితేనే సర్దుబాటు. ముందు వార్మ్ (బాక్స్ లోపలి మరల షాఫ్ట్) బేరింగ్ బిగుతు, తర్వాతే పై స్క్రూ. వరుస తప్పితే కొలత అబద్ధం చెబుతుంది. లింక్ విడదీసి ఉండగానే చేయాలి. లాక్ నట్టు వదులు చేసి స్క్రూని కుడివైపు ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ, సెంటర్ దాటేటప్పుడు పడే బిగుతును అంగుళ-పౌండ్ల టార్క్ పానాతో కొలవండి. అంకె మీ బాక్స్ మాన్యువలా పవరా అన్నదాన్ని బట్టి మారుతుంది, షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. చేతి అంచనాతో ఈ పని కాదు.

లక్షణం: మలుపు తర్వాత స్టీరింగ్ వీల్ తనంతట తాను వెనక్కి రావడం లేదు

ముందు చక్రాలు పైకెత్తి, పిట్‌మన్ దగ్గర లింక్ విడదీసి, చక్రాలను చేత్తో ఎడమకూ కుడికీ తిప్పండి. బిగుతుగా ఉంటే బాల్ జాయింట్లు లేదా లింకేజీ. తేలిగ్గా తిరిగితే బాక్స్ స్క్రూ ఎక్కువ బిగించారు, లేదా కాలమ్ ఎక్కడో రాసుకుంటోంది. రెండూ బాగున్నాయంటే క్యాస్టర్ (పై బాల్ జాయింట్ కింది దానికంటే వెనక్కి వాలిన కోణం) చాలదు.

ఈ మూడోదే ఎక్కువ కనిపిస్తుంది. 1969 ఫ్యాక్టరీ లెక్క ప్రకారం క్యాస్టర్ +½°, క్యాంబర్ (చక్రం పైభాగం బయటికో లోపలికో వంగిన కోణం) +¼°, టో-ఇన్ అంగుళంలో 1/8 నుంచి 1/4. అవి ఆనాటి బయాస్ ప్లై టైర్లకు రాసిన అంకెలు. అలైన్‌మెంట్ షాపులో కంప్యూటర్ కూడా అవే చూపిస్తుంది, కుర్రవాడు ఆకుపచ్చ రంగు రాగానే ప్రింటౌట్ చేతిలో పెడతాడు. ఈ కాలపు రేడియల్ టైర్లుంటే ఇవి అడగండి: క్యాస్టర్ +3° లేదా రాగలిగినంత, క్యాంబర్ 0 నుంచి −½°, టో-ఇన్ 1/16 నుంచి 1/8 అంగుళం. ఒరిజినల్ ఆర్మ్‌లతో +3° కొన్ని బండ్లలో రాదు. దానికి ఆఫ్‌సెట్ షాఫ్ట్, లేదా క్యాస్టర్ కలిపి చేసిన ట్యూబులర్ పై ఆర్మ్ వేయాలి.

సర్దుబాటు అంతా పై ఆర్మ్ షాఫ్ట్‌కి, ఫ్రేమ్ బ్రాకెట్‌కి మధ్య ఉండే షిమ్‌లతోనే (పలచటి లోహపు బిళ్లలతోనే). ముందూ వెనకా సమానంగా షిమ్ కలిపితే చక్రం పైభాగం లోపలికి వంగుతుంది, అంటే క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది. ముందు బోల్టు నుంచి తీసి వెనక బోల్టుకు వేస్తే క్యాస్టర్ పెరుగుతుంది. క్యాస్టర్, క్యాంబర్ అయ్యాకే చివరగా టో. బిగించాక నట్టు బయట కనీసం రెండు మరలు కనిపించాలి. ఆ మరలు కనిపించనంత ఎక్కువ షిమ్‌లు పడుతున్నాయంటే ఆర్మ్ వంగిందో సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగిందో చూడాలి. పాత బోల్టుల స్ప్లైన్ (తిరగకుండా పట్టే పళ్లు) అరిగి నట్టుతో పాటే తిరుగుతుంటే వాటిని మార్చేయండి.

లక్షణం: ఒక పక్కకి లాగుతోంది

బ్రేక్ వేసినప్పుడే లాగితే బ్రేకులు చూడండి. ఎప్పుడూ లాగితే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగే దిక్కు మారితే టైరే దోషి. మారకపోతే అలైన్‌మెంట్ కాగితం తీయండి: బండి తక్కువ క్యాస్టర్ ఉన్న పక్కకి, ఎక్కువ పాజిటివ్ క్యాంబర్ ఉన్న పక్కకి లాగుతుంది. అమెరికా రోడ్లు కుడి అంచు వైపు వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమ చక్రానికి క్యాస్టర్ పావు నుంచి అర డిగ్రీ తక్కువ పెట్టడం మామూలే. సబ్‌ఫ్రేమ్ దించి రబ్బర్లు మార్చి ఉంటే దాన్ని మూల నుంచి మూలకు ఐమూలగా కొలవండి. బోల్టులు బిగించే ముందు సబ్‌ఫ్రేమ్, బాడీ అలైన్‌మెంట్ రంధ్రాల్లోంచి రాడ్ దూర్చి కుదుర్చుకోకపోతే మొత్తం ముందు భాగమే వంకరగా కూర్చుంటుంది. ఆ వంకరను ఏ షిమ్మూ సరిచేయలేదు.

లక్షణం: గతుకు మీద స్టీరింగ్ తనంతట తాను తిరుగుతోంది

సెంటర్ లింక్ నేలకు సమాంతరంగా ఉందా? లేకపోతే పిట్‌మన్, ఐడ్లర్ జత కలవలేదు. ఈ ఆర్మ్‌లు స్టీరింగ్ రకాన్ని బట్టి మారతాయి, కలగాపులగంగా కొంటే ఇలాగే అవుతుంది. బండిని బాగా కిందికి దించినా ఇదే లక్షణం వస్తుంది.

లక్షణం: టక్కుమనే శబ్దం

బ్రేక్ వేయగానే ఒక్క టక్కు: కింది ఆర్మ్ బుష్, లేదా పై షాఫ్ట్ నట్లు. చిన్న గతుకుల మీద వరుసగా: స్వే బార్ (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీ) లింకులు. ఆగి ఉన్న బండిలో వీల్ తిప్పితే: స్ప్రింగ్ కొస.

బాల్ జాయింట్ దగ్గర శబ్దమైతే టేపర్ రంధ్రం చూడండి. నూనె, గ్రీజు లేకుండా తుడిచి పొడిగా కూర్చోబెట్టాలి. రంధ్రం కోలగా అరిగితే స్పిండిల్ మార్చాల్సిందే. నట్టు టార్క్‌కి వచ్చాక పిన్ రంధ్రం కుదరకపోతే ఇంకొంచెం బిగించండి, వెనక్కి తిప్పకండి. కింది బాల్ జాయింట్ ప్రెస్‌తో కాకుండా చేత్తోనే దిగిపోతే ఆర్మ్ రంధ్రం పెద్దదైనట్టు. వెల్డింగ్ పెట్టి నిలబెట్టొద్దు, ఆర్మ్ మార్చండి. పై బాల్ జాయింట్ ఫ్యాక్టరీ రివెట్లు తీసేటప్పుడు నడుమ చిన్న డ్రిల్, తర్వాత పెద్ద డ్రిల్, తల ఉలితో. ఆర్మ్ రంధ్రాలు మాత్రం పెద్దవి కాకూడదు.

లక్షణం: ఒక వేగం దగ్గర స్టీరింగ్ వీల్ వణుకుతోంది

టైరు బ్యాలెన్స్ తర్వాత చూడాల్సింది వీల్ బేరింగ్. చక్రం తిప్పుతూ నట్టుని 12 ఫుట్-పౌండ్లకు బిగించండి, పూర్తిగా వదులు చేయండి, తర్వాత వేళ్లతో మాత్రమే బిగించండి. పిన్ కుదరకపోతే నట్టు అర పలక మించకుండా వెనక్కి. ప్లే 0.001 నుంచి 0.005 అంగుళం ఉండాలి. ఇక్కడ నియమం బాల్ జాయింట్‌కి తలకిందులు: టేపర్ బేరింగ్‌ని బిగించి వదిలేస్తే కాలిపోతుంది.

లక్షణం: పవర్ స్టీరింగ్ మూలుగుతోంది

రిజర్వాయర్‌లో నురుగు కనిపిస్తే గాలి చేరింది. చక్రాలు నేలను తాకకుండా ఎత్తి, ఇంజిన్ ఆపి, ద్రవం నింపుతూ వీల్‌ని చివర నుంచి చివరికి నిదానంగా పలుమార్లు తిప్పండి. మట్టం పడిపోవడం ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ తిప్పండి, చివర్లలో పట్టి ఉంచకండి. నురుగు తగ్గకపోతే ఇంజిన్ ఆపి కాసేపు వదిలేసి, మళ్లీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లు చేసినా నురుగే వస్తుంటే పంపు మీద పడకముందు రిటర్న్ గొట్టం క్లాంపు చూడండి.