డాన్‌బాస్ యుద్ధంలో "నాజీలు" అంటూ వీడియో వస్తే ఎలా చూడాలి

తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ మాటెత్తితే చాలు, అక్కడున్నదంతా నాజీలే అని ఒకరు, అదంతా రష్యా ప్రచారమే అని ఇంకొకరు మొదలుపెడతారు. రెండూ నమ్మకండి. ఫార్ రైట్ (తీవ్ర జాతీయవాద) గ్రూపులు ఉన్నమాట నిజం, రెండు వైపులా ఉన్నమాట కూడా నిజం.

వీడియో రాగానే ముందు అది ఏ సంవత్సరానిదో చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది. ఉక్రెయిన్ వైపు పోరాడిన అజోవ్ దళాన్నే తీసుకోండి. 2014 మేలో వాలంటీర్ బెటాలియన్‌గా పుట్టింది, నడిపించిన ఆండ్రీ బిలెట్స్కీ అంతకుముందు 'పేట్రియట్ ఆఫ్ ఉక్రెయిన్' అనే తీవ్ర జాతీయవాద సంస్థకు నాయకుడు. జూన్‌లో మరియుపోల్ నగరాన్ని రష్యా అనుకూల వేర్పాటువాదుల చేతిలోంచి తిరిగి తీసుకున్న పోరులో ఉంది, నవంబరుకల్లా నేషనల్ గార్డ్‌లో కలిసింది. కాబట్టి 2014 నాటి ఫొటో చూపించి, 2022లో మరియుపోల్‌లోని అజోవ్‌స్తాల్ ఉక్కు కర్మాగారంలో చిక్కుకుపోయిన ప్రతి సైనికుడూ నాజీయే అంటే ఒప్పుకోకూడదు. అలాగని 2014లో ఉన్నదాన్ని లేదనడం కూడా అబద్ధమే.

తర్వాత వీడియో ఆపి భుజం మీది బ్యాడ్జీ చూడండి. అజోవ్ తొలినాళ్ల బ్యాడ్జీ మీద నాజీల కాలం నాటి నల్ల సూర్యుడి గుర్తు ఉండేది, తర్వాత తీసేశారు. ఎనిమిది చేతుల చక్రంలా ఉండే కొలొవ్రాత్ కనిపిస్తే రష్యా వైపు పోరాడిన రుసిచ్ గ్రూపు అయ్యుండొచ్చు. గుర్తు ఒక్కటే చూసి ఎవరిదో తేల్చేయొద్దు, యూనిట్ పేరు కూడా దొరకాలి.

చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: అవతలి వైపు, అంటే రష్యా వైపు ఎవరున్నారు? రుసిచ్‌ను నడిపిన అలెక్సీ మిల్చకోవ్ తాను నాజీనని బాహాటంగా చెప్పుకున్నవాడు. 2014 మార్చిలో దొనెత్స్క్‌లో 'ప్రజా గవర్నర్'నని ప్రకటించుకున్న పావెల్ గుబరేవ్ ఒకప్పుడు రష్యన్ నేషనల్ యూనిటీ సభ్యుడు, అది రష్యాలో స్వస్తికను పోలిన గుర్తు పెట్టుకున్న సంస్థ. రష్యన్ ఇంపీరియల్ మూవ్‌మెంట్ అనే తీవ్ర జాతీయవాద సంస్థ కూడా మనుషులను పంపింది, దాన్ని అమెరికా 2020లో ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. "నాజీల నుంచి విముక్తి" అనే రష్యా ప్రచారంలో ఈ పేర్లు ఎందుకు వినబడవో గట్టిగా అడగండి.

ఒక దళాన్ని చూసి దేశం మొత్తానికి ముద్ర వేయడం ఇంకో తప్పు. 2014 ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నికల్లో రైట్ సెక్టర్ అనే తీవ్ర జాతీయవాద సంస్థ నాయకుడు ద్మిత్రో యారోష్‌కు ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు, 2019 పార్లమెంటు ఎన్నికల్లో ప్రధాన తీవ్ర జాతీయవాద పార్టీలు ఒకే జాబితాగా పోటీచేసినా రెండు శాతం చిల్లర దగ్గరే ఆగాయి, పార్లమెంటులోకి రావాలంటే అయిదు కావాలి. కానీ ఓట్లు లేకపోయినా వీళ్ల చేతికి తుపాకులు వచ్చాయి, ఎందుకంటే 2014లో ఉక్రెయిన్ సైన్యం బాగా బలహీనంగా ఉంది, వాలంటీర్లు లేకుండా నడవలేదు. ఇది తక్కువ విషయం కాదు. రెండు వైపులా జరిగిన అక్రమ నిర్బంధాలు, చిత్రహింసలు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదికల్లో ఉన్నాయి, తేదీల వారీగా చదవండి.

ఇంకా షేర్ చేయాలనిపిస్తే వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి ఇమేజ్ సెర్చ్‌లో వెతకండి, పాత కాపీ ఏదైనా బయటపడొచ్చు. యూనిట్, ఊరు, సంవత్సరం మూడూ రాయగలిగితేనే పంపండి.