విశాఖ నుంచి పద్మనాభం దాకా చారిత్రక స్థలాల సైకిల్ దారి

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే తీరపు దారిలోనూ, అక్కడి నుంచి గోస్తనీ నది వైపు లోపలికి సాగే పల్లె దారిలోనూ రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర పరచుకొని ఉంది. కారులో వెళ్లేవారు వీటిని విడివిడి సందర్శన స్థలాలుగా చూసి వచ్చేస్తారు. సైకిల్ మీద వెళ్లేవారికి మాత్రం బౌద్ధ భిక్షువులు కొండపైనే ఎందుకు ఉన్నారో, వర్తకులు నదీముఖం దగ్గరే ఎందుకు స్థిరపడ్డారో ఎక్కే ఎత్తును బట్టి, తగిలే గాలిని బట్టి అర్థమవుతుంది. ఈ దారిని సైకిల్ మీదే చూడమని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి మీదుగా పద్మనాభం వెళ్లి రావడానికి మొత్తం దూరం 90 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. రోజూ తొక్కే అలవాటు లేనివారు దీన్ని రెండు రోజులకు పంచుకొని, రాత్రికి భీమిలిలో బస చేయడం మంచిది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. తెల్లవారుతుండగానే బయలుదేరితే ఎండ ముదిరేలోగా కొండలు ఎక్కడం పూర్తవుతుంది. గేర్ల సైకిల్ అయితే మేలు. అది లేకపోయినా ఫరవాలేదు, ఎత్తు వచ్చినచోట దిగి నడిపించుకుంటూ వెళ్లవచ్చు. హెల్మెట్, పంక్చర్ సామాను, ఒక అదనపు ట్యూబు, చేతి పంపు, కనీసం రెండు లీటర్ల మంచినీళ్లు దగ్గర ఉండాలి. బ్రేకులు బయలుదేరే ముందురోజే చూసుకోవాలి.

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ దాటాక పట్టణం పలచబడుతుంది. ఆపై మంగమారిపేట వద్ద ఎడమవైపు తొట్లకొండ దారి వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండమీది బౌద్ధ ఆరామం (భిక్షువుల నివాసం) 1976లో నౌకాదళం జరిపిన సర్వేలో బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపి స్తూపాలను, చైత్యగృహాలను (ప్రార్థన మందిరాలను), భిక్షువుల గదులను, భోజనశాలను వెలికి తీసింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయంటే, కింద కనిపించే సముద్రం మీదుగా ఎంత దూరపు వర్తకం ఈ కొండ దాకా చేరిందో ఊహించవచ్చు.

ఇక్కడ స్తూపం దగ్గర ఫొటో తీసుకొని వెనుదిరగవద్దు. రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గర కాసేపు నిలబడండి. కొండమీద ఏరు లేదు, ఊట లేదు. వాన కురిసినప్పుడు రాతి వాలు మీదుగా జారే నీటిని ఈ తొట్లలోకి మళ్లించి, ఏడాది పొడవునా వాడుకున్నారు. అంచుల దగ్గర వంగి చూస్తే ఉలి దెబ్బలు తగిలిన రాయి, దాని కింద పచ్చబారి నిలిచిన నీరు కనిపిస్తాయి. సీసాలోని నీళ్లు సగం తాగి అక్కడికి చేరినవారికి ఆ తొట్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. దిగేటప్పుడు బ్రేకును ఏకధాటిగా పట్టి ఉంచకుండా, వెనక బ్రేకునూ ముందు బ్రేకునూ మార్చి మార్చి నొక్కుతూ నెమ్మదిగా దిగాలి.

మరో బౌద్ధ ఆరామమైన బావికొండకు తిమ్మాపురం వైపు నుంచి లోపలికి వెళ్లాలి. ఇక్కడి తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర ఒకటి లభించింది, అది బుద్ధుని ధాతువేనని, అంటే ఆయన దేహ అవశేషమేనని విశ్వసించేవారు ఉన్నారు. సందర్శకుల రద్దీ తక్కువ కాబట్టి గదుల వరుసలను తీరిగ్గా చూడవచ్చు. ఒక్క కొండకే ఓపిక ఉన్నవారు మాత్రం తొట్లకొండనే ఎంచుకోవాలి.

తిరిగి తీరపు దారిలో ముందుకు సాగితే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్లపాటు గాలికి పేరుకొని, ఇనుప ఆక్సైడు వల్ల ఎర్రబారిన ఇసుక ఇది. వానలకు కోతపడి లోతైన గండ్లుగా మారింది. దయచేసి సైకిల్‌ను బయటే తాళం వేసి నడిచి వెళ్లండి. చక్రం చేసిన గాడిలోనే వచ్చే వానకు నీరు పారి మరో కోత మొదలవుతుంది. పక్కనే నౌకాదళ స్థావరం ఉన్నందున ఆ ప్రాంతంలో కెమెరా తీయకూడదు. మత్స్యకార పల్లెల దగ్గర రోడ్డు అంచున ఇసుక మేట వేసి ఉంటుంది. మలుపులో అది చక్రాన్ని జార్చేస్తుంది కనుక వేగం తగ్గించాలి.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు, 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. డచ్చి సమాధుల తోటలో పాత సమాధి రాళ్లమీది అక్షరాలు ఇంకా చదవవచ్చు. వాటిపై చేతులు రుద్దకుండా, రాళ్లపై కూర్చోకుండా చూడాలి. ఓపిక మిగిలితే నరసింహస్వామి కొండగా కూడా పిలిచే పావురాలకొండ ఎక్కండి. అక్కడా రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. పైనుంచి చూస్తే నది మలుపు, సముద్రం, పాత రేవు ఒక్క చూపులో అందుతాయి.

రెండో రోజు తగరపువలస వద్ద జాతీయ రహదారిని దాటి లోపలికి తిరగాలి. ఆ కూడలిలో లారీలు ఎక్కువ కాబట్టి సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటడమే క్షేమం. ఆ తరువాత తాటిచెట్లు, వరి పొలాల మధ్య దారి ప్రశాంతంగా పద్మనాభం చేరుతుంది. 1794 జూలై 10న విజయనగరం పాలకుడు చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి ఇక్కడే ప్రాణాలు విడిచాడు. కప్పం బకాయిల తగవు యుద్ధానికి దారితీసింది. కొండమీది అనంత పద్మనాభస్వామి ఆలయానికి వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి. సైకిల్ తొక్కి వచ్చిన కాళ్లకు అది భారమే కనుక, కింద అరగంట కూర్చుని, ఏమైనా తిన్నాకే ఎక్కాలి. కార్తీక అమావాస్యనాడు మెట్లపై దీపోత్సవం జరుగుతుంది. ఆ రోజు జనం కిక్కిరిసి ఉంటారు, సైకిల్‌తో వెళ్లకండి.

తిరుగు ప్రయాణానికి ఆనందపురం మీదుగా జాతీయ రహదారి పట్టాలనిపిస్తుంది గాని, భారీ వాహనాల వేగం వల్ల అది సైకిల్‌కు తగిన దారి కాదు. వచ్చిన దారినే భీమిలికి చేరి, చీకటి పడకముందే తీరపు దారి ఎక్కాలి. ఆలస్యమయ్యే పక్షంలో ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు వెలిగించుకొని రోడ్డు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా సాగాలి.