గ్రామసభలో అర్జీ ఎలా ఇవ్వాలి? అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలంటే ఏం చేయాలి?

మొదటిసారి మా ఊరి గ్రామసభకు వెళ్లినప్పుడు నేను పది నిమిషాలు మాట్లాడాను. వీధి కొళాయికి వారం నుంచి నీళ్లు రావడం లేదని, ఆడవాళ్లు పొలాల్లోని బోర్ల దగ్గరి నుంచి బిందెలు మోసుకొస్తున్నారని చెప్పాను. అందరూ తలలూపారు. "రాసుకున్నాం, చేయిస్తాం" అన్నారు. మూడు నెలల తర్వాత తీర్మానాల పుస్తకం అడిగి చూస్తే, ఆ రోజు పేజీలో ఉన్నది ఒకటే వాక్యం: "గ్రామ సమస్యలు చర్చించడమైనది." కొళాయి మాట లేదు, వీధి పేరు లేదు. అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. సభలో తప్పకుండా మాట్లాడండి, కానీ చేతిలో కాగితం లేకుండా వెళ్లొద్దు.

పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ పిలవనక్కర్లేదు, ఏ పార్టీ అన్న ప్రశ్నే లేదు. సర్పంచ్ అధ్యక్షత వహిస్తారు, ఆయన లేకపోతే ఉప సర్పంచ్. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్నులు, పథకాల లబ్ధిదారుల ఎంపిక ఇవన్నీ సభ ముందు పెట్టాలని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి లెక్కలు అడిగితే అది గొడవ పెట్టుకోవడం కాదు. గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలోనే మొదట మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఏ చెరువులో పూడిక తీయాలి, ఎవరి చేనులో సేద్యపు కుంట తవ్వాలి అన్నది సభలో ఊరే చెప్పాలన్నది ఆ పథకంలో మొదటి నుంచీ ఉన్న నియమం. మన దగ్గర మొదలైన పథకానికి పనుల జాబితా మనం లేకుండా తయారైతే బాధే కదా.

సభ ఎప్పుడన్నది తెలుసుకోవడమే సగం పని. గాంధీ జయంతి, రిపబ్లిక్ డే లాంటి రోజుల్లో చాలా ఊళ్లలో పెడతారు. దండోరా మన వీధి దాకా రాకపోవచ్చు. సచివాలయం నోటీసు బోర్డు చూడండి, పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి అడగండి. పొద్దున పదకొండుకు పెడితే కూలికి పోయినవాళ్లు రాలేరు. సమయం మార్చమని ముందే నలుగురూ కలిసి రాసివ్వండి.

ఇక అర్జీ. తెల్లకాగితం చాలు, ఫీజు లేదు. పైన పంచాయతీ కార్యదర్శి గారికి అని, కింద మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు రాయండి. ఒక కాగితంలో ఒకే సమస్య ఉండాలి. మూడు సమస్యలు కలిపితే సులువైనది చేసి మిగతావి వదిలేస్తారు. "మా కాలనీని పట్టించుకోవడం లేదు" అని రాస్తే దానికి చేయగలిగిందేమీ ఉండదు. ఇలా రాయండి: "మా ఊరి నుంచి హైస్కూలుకు పోయే దారిలో వంక మీద మోరీ కూలిపోయింది. వాన పడితే మోకాలి లోతు నీళ్లు. పిల్లలు ఆ రోజు బడి మానేస్తున్నారు. కొత్త మోరీ కట్టించాలని ఈ ఏడాది పనుల్లో చేర్చాలి." చోటు, ఇబ్బంది, కావలసింది, మూడూ వచ్చేశాయి. పొలం సంగతైతే సర్వే నంబరు తప్పనిసరి. ఫోటో ఉంటే జత చేయండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీతో సంతకం, సీలు వేయించుకోండి. మొహమాటపడొద్దు. చదువురాని అవ్వ అయినా సరే, ఆ కాగితం కొంగున ముడేసుకుని ఇంటికి రావాలి.

సభలో అర్జీ చదివాక కూర్చోకండి. "సార్, ఇది తీర్మానంగా రాయండి, రాసింది ఒకసారి చదివి వినిపించండి" అని అడగండి. వెనకాల నిలబడి ఉన్న డ్వాక్రా అక్కలు ఇద్దరు ముగ్గురు కూడా అదే మాట అంటే రాయక తప్పదు. నీళ్ల కష్టం ఎక్కువ పడేది వాళ్లే, ముందు వరసలో కూర్చోవాల్సిందీ వాళ్లే. సంతకం మాత్రం రాసిన పేజీ కిందే పెట్టండి. ఖాళీ పేజీ మీద అడిగినా, మర్నాడు ఇంటికి పుస్తకం పంపించి అడిగినా పెట్టొద్దు.

తర్వాత తీర్మానం కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పంచాయతీ ప్రణాళికలో మీ పని చేరిందో లేదో ఈ-గ్రామ్ స్వరాజ్ యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

అక్కడా కదలకపోతే సోమవారం ఉంది. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మండలంలోనూ, కలెక్టరేట్‌లోనూ అర్జీలు తీసుకుంటారు. కర్నూలులో కలెక్టరేట్ ఆవరణలోని సునయన ఆడిటోరియం, అనంతపురంలో రెవెన్యూ భవన్, కడపలో సభా భవన్. పట్నంలో ఉండేవాళ్లకు గ్రామసభ ఉండదు కనుక వాళ్లకు వార్డు సచివాలయం, ఈ సోమవారమే దారి. ఆధార్, పనిచేసే ఫోన్ నంబరు, సీలు పడిన పాత అర్జీ జిరాక్సు, తీర్మానం కాపీ పెట్టుకుని వెళ్లండి. ఉత్తచేతులతో వచ్చిన అర్జీకీ, వెనక తీర్మానం ఉన్న అర్జీకీ తేడా అధికారులకు తెలుస్తుంది. రసీదు మీది నంబరు చెప్పి 1100కి ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడ ఉందో చెబుతారు. ఎవరూ వచ్చి చూడకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే ఆ రోజే కూలిన మోరీ ఫోటో తీసి, అర్జీని మళ్లీ తెరవమని అడగండి.